మెట్ల మధ్య స్వరం

‘ది ఫ్రీక్ ఆఫ్ అరేబీ’. ఈ పేరు వినగానే మనకి ఒళ్లు మండుతుంది. 1921 నాటి ‘ది షేక్ ఆఫ్ అరేబీ’ అనే అమెరికన్ పాట పేరుని తిప్పి పెట్టిన పేరిది. ఎడారి, ఒంటె, గుడారం, ఆడదాని కోసం పొంచి వుండే షేకు! అరబ్బంటే పడమటివాళ్లు గీసుకున్న బొమ్మ అది. ఆ బొమ్మ ఎవరి నెత్తిన ఎన్ని నిందలు మోపిందో మనకి తెలుసు. మరి 2009లో ఈ ఆల్బం చేసిన సర్ రిచర్డ్ బిషప్ కూడా అదే బొమ్మ అమ్ముతున్నాడా?

ముందు విందాం. బిషప్ అమెరికావాడు. ‘సన్ సిటీ గర్ల్స్’ అనే ప్రయోగాల రాక్ బృందం నుంచి వచ్చాడు. తల్లి వైపు తాతది లెబనాన్. అంతకుముందు ఎక్కువగా ఒంటరిగా గిటారు వాయించినవాడు, ఇక్కడ ఎలక్ట్రిక్ గిటారుకి తాళవాద్యాల్ని తోడు తెచ్చుకుని ఈజిప్టు గిటారిస్టు ఒమర్ ఖుర్షీద్‌కి సలాం చేశాడు. ఉమ్ కుల్సూమ్ పాటకి గిటారు కలిపిన ఖుర్షీద్ 1981లో కారు ప్రమాదంలో పోయాడు.

ఊద్‌కి మెట్లుండవు. గిటారుకుంటాయి. కొన్ని అరబ్బు మకామ్‌లకి ప్రాణమైన పావుస్వరాలు ఆ మెట్ల నడుమ వుంటాయి. తీగని పక్కకి లాగితే తప్ప పలకవు. పరాయి వాద్యం మీద తాత సంగీతం వెతుక్కోవడమంటే ఇదే. ఈ పెనుగులాట మనకి కొత్తదా?

‘సోలెంజారా’ వినండి. కోర్సికా దీవిలోని ఒక ఊరి మీద పుట్టిన ఫ్రెంచి పాట. ఖుర్షీద్ వాయిస్తే అది అరబ్బుల ఇళ్లకి చేరింది. ఇప్పుడు అమెరికా మనవడి చేతికొచ్చింది. ఇందులో స్వచ్ఛమైన అరబ్బు ఏది? ఎవరు తేలుస్తారు?

తప్పుని తప్పనే అందాం. చివరి పాటకి ‘బ్లడ్ స్టెయిన్డ్ శాండ్స్’ అని పేరు పెట్టడం, రక్తంలో తడిసిన ఇసుక అనడం, పాత బొమ్మకి మళ్లీ రంగు వేయడమే. సంగీతానికి ఆ పేరు అక్కర్లేదు.

అయితే మనవైపూ ఒక తప్పుంది. అరబ్బు స్వరం వినగానే ‘మనది’ అని చంకలు గుద్దుకుంటాం. అరబ్బులందరూ ముస్లిములు కారు, ముస్లిములందరూ అరబ్బులు కారు. మనల్ని మూలాల రుజువు అడిగేవాళ్ల మీద కోపం తెచ్చుకునే మనం, ఒక పాటని మాత్రం ఆ రుజువు ఎలా అడుగుతాం?