జీతం నిజాం ఇచ్చాడు, మనం ఏమిస్తున్నాం?

హైదరాబాద్ మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ పాత ఫోటో ఒకటి మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికోసారైనా వస్తుంది. చుట్టూ రాళ్లు, తుప్పలు, మధ్యలో ఒంటరిగా ఆ గుండ్రటి భవనం. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన భవనం అది. ఇప్పుడు అదే కూడలిలో ఫ్లైఓవర్ కింద బండి ఆగితే మళ్లీ ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. అందుకే ఆ ఫోటో చూడగానే అందరికీ ముచ్చటేస్తుంది, తలా నలుగురికి పంపుతారు. తీసిందెవరని ఒక్కరూ అడగరు. ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని ఆ రాళ్లలోకి నడిచి వెళ్లకపోతే మనకు ఆ ముచ్చట కూడా మిగిలేది కాదు.

ఈ ఐటీ కారిడార్ బొమ్మల మీదే బతుకుతోంది. నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే ప్రతి హోర్డింగు మీదా ఇంకా పునాది కూడా తీయని టవరు, దాని పక్కన కంప్యూటర్‌లో గీసిన చెట్లు. ఉద్యోగులు ప్రొఫైల్ ఫోటోను ఏఐతో చేయించుకుంటున్నారు. ఉన్నదాన్ని ఉన్నట్టు తీసేవాళ్లు మాత్రం కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఒక గది అద్దెకు తీసుకుని, కెమెరా మీద ఈఎంఐ కట్టుకుంటూ, పెళ్లిళ్లూ బారసాలలూ కంపెనీ ఫంక్షన్లూ చేసుకుని బతుకుతున్నారు. మూఢం వస్తే పెళ్లిళ్లుండవు. అద్దె మాత్రం ఆగదు.

పెళ్లి ఫోటోగ్రాఫర్ల గురించి చులకనగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. జీలకర్ర బెల్లం ఘట్టం ఒక్కటి చూడండి. ముహూర్తం తరచూ అర్ధరాత్రి దాటాక ఉంటుంది. అడ్డుతెరకు అటు పెళ్లికొడుకు, ఇటు పెళ్లికూతురు. పంతులుగారి కళ్లు గడియారం మీద, మేళగాళ్ల కళ్లు పంతులుగారి చెయ్యి మీద. చెయ్యి లేచిందంటే గట్టిమేళం, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ముద్ద పెట్టడం, తెర దిగడం, తొలి చూపు, అన్నీ క్షణాల్లో అయిపోతాయి. సరిగ్గా అప్పుడే నలభై మంది చుట్టాలు ఫోన్లెత్తి ముందుకు తోసుకొస్తారు. చాచిన చెయ్యి పెళ్లికూతురి ముఖానికే అడ్డొస్తుంది. మా ఇంటి పెళ్లికి వచ్చిన కుర్రాడు అరగంట ముందే మండపం ఎక్కి, "పంతులుగారూ, తెర ఎటువైపు దించుతారు?" అని మెల్లగా అడిగాడు. అసిస్టెంట్ చేత లైటు పైకెత్తి పట్టించాడు. రెండో కెమెరాను పెళ్లికూతురి మీద పెట్టలేదు, వాళ్లమ్మ మీద పెట్టాడు. తెర దిగినప్పుడు ఆవిడ కొంగుతో నోరు మూసుకోవడం ఇవాళ మా ఆల్బమ్‌లో ఉంది. మన పెళ్లి తంతు చిన్నప్పటి నుంచీ చూసినవాడికే కెమెరా ఎటు తిప్పాలో తెలుస్తుంది.

అంత పనిమంతుడికీ బేరం తప్పదు. "పదివేలు తగ్గించన్నా, ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తాం" అంటారు. ట్యాగుతో అద్దె కట్టలేం కదా. కంపెనీల పనిలో ఇంకో రకం ఇబ్బంది. వెండర్ రిజిస్ట్రేషన్, పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, ఆ మెట్లన్నీ ఎక్కాక కూడా డబ్బు నెలల తరబడి ఆగుతుంది. ఫంక్షన్ అయిన రాత్రే ఫోటోలు కావాలంటారు, తెల్లారేసరికి పోస్టు చేస్తారు, బిల్లు మాత్రం తర్వాతి క్వార్టర్‌కు వెళ్తుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకు, ఒప్పందం ఎలా రాసుకున్నా, 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కూడా ఉంది. ఇంత గట్టి రక్షణ ఉన్నా, మళ్లీ పని రాదన్న భయంతో అడిగేవాళ్లు తక్కువ.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. అంటే ఏమీ రాసుకోకుండా కంపెనీ ఫంక్షన్ తీస్తే ఆ ఫోటోల మీద ఫోటోగ్రాఫర్‌కు హక్కు మిగలదు. అయినా 57వ సెక్షన్ ఒకటి అతనికి అండగా ఉంది. హక్కులన్నీ ఇచ్చేసినా ఇది నేను తీసిందే అని చెప్పుకునే హక్కు పోదు. ఆ పేరు వేయడానికి మనకు పైసా ఖర్చు లేదు. మన బ్రోషర్లలో, పోస్టుల్లో, ఆఖరికి కొన్ని పత్రికల్లో కూడా "ఫోటో: ఇంటర్నెట్" అని కనిపిస్తుంది. ఇంటర్నెట్‌కు కెమెరా ఎక్కడిది?

ఈ ఊళ్లో ఫోటోగ్రఫీకి మంచి పోషణ దొరికిన కాలం ఒకటుంది. మీరట్ దగ్గరి సర్దానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1880ల్లో ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు, రాజా బిరుదిచ్చాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిచింది. 1892లో పర్దా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళకు అప్పగించారు. ఇక్కడి ఇళ్ల రివాజు తెలిసినవాడికే వచ్చే ఆలోచన అది. దర్బారు కోసం, ధనవంతుల కోసం తీసిన ఫోటోలు స్టూడియోను నిలబెట్టాయి. ఆ నిలకడ వల్లే కోటలూ వీధులూ కరువు పనులూ కూడా ఆ కెమెరాకు చిక్కాయి. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. నూట పాతికేళ్ల కిందటి హైదరాబాద్‌ను కళ్లారా చూడాలంటే వెళ్లాల్సింది వాటి దగ్గరికే.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఫోటోగ్రాఫర్‌కు కూలి గిట్టుబాటైతేనే కూలి లేని పని కూడా జరుగుతుంది. వరంగల్‌కు చెందిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల మట్టి గోడలనూ, తలుపులనూ, బతుకమ్మలనూ ఏళ్ల తరబడి తీశారు. ఆ ఇళ్లలో చాలావాటి స్థానంలో ఇప్పుడు కాంక్రీటు లేచింది. క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా కెమెరా వదలని ఆయన 2022 జనవరిలో వెళ్లిపోయారు. ఆ గోడల్ని ఎవరూ ఆర్డరిచ్చి తీయించలేదు. మాదాపూర్, ఖాజాగూడలకు అలాంటి మనిషి కావాలి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు ఇక్కడ మన కళ్లముందే పగులుతున్నాయి.

పోయినదాన్ని చూపించే ఫోటోకు ఎంత విలువో కంచ గచ్చిబౌలి నేర్పింది. 2025 మార్చి ఆఖరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ మధ్యలో అసలు ఫోటోలతో పాటు ఏఐతో తయారైన జింకలూ నెమళ్లూ ఫోన్లన్నీ చుట్టేశాయి, కేసుల దాకా వెళ్లింది. నకిలీ బొమ్మ చేసే పెద్ద చేటు, నిజమైన ఫోటోను కూడా అనుమానించేలా చేయడం. అలాంటప్పుడు తేదీతో, ఒరిజినల్ ఫైలుతో, "ఇది నేను తీశాను, ఫలానా చోట నిలబడి తీశాను" అని ముందుకొచ్చే మనిషి కావాలి. ఆ మనిషి ఏళ్లుగా పొద్దున్నే అక్కడికి వెళ్తున్న స్థానికుడై ఉండాలి.

ఈ కారిడార్‌లో నిజాం లేడు, ఒకటో తారీఖున జీతం అందుకునే లక్షల మందిమి ఉన్నాం. 2015 నుంచి ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతున్న స్టేట్ ఆర్ట్ గ్యాలరీ మాదాపూర్‌లోనే ఉంది, మన ఆఫీసులకు కూతవేటు దూరం. ఎంతమందిమి లోపలికి వెళ్లాం? మూడు పడకగదుల ఫ్లాటుకు కోటి పైన పెట్టినవాళ్లం గోడకు మాత్రం ఆన్‌లైన్‌లో కొన్న పారిస్ పోస్టరు తగిలిస్తున్నాం. దుర్గం చెరువు మీద వానాకాలం సాయంత్రాన్ని తీసినవాడు మన వీధిలోనే ఉండొచ్చు. అతని దగ్గర ఒక ప్రింటు కొంటే ఆ నెల అతను ఒక బేరం వదులుకుని గుట్టల వైపు వెళ్లగలడు.

మా అపార్ట్‌మెంట్ సంఘం వచ్చే ఏడాది క్యాలెండర్ వేస్తోంది. బొమ్మలు ఏఐతో ఉచితంగా చేయించవచ్చని ఒకరన్నారు. మన చుట్టుపక్కల చెరువులూ రాళ్లే వేద్దామని, ప్రతి ఫోటోకూ డబ్బిద్దామని, హక్కులు తీసినవాళ్లకే ఉండేలా కాగితం రాసుకుందామని నేను పట్టుబట్టాను. మీటింగులో గంటన్నర వాదన జరిగింది. ఒప్పందం తెలుగులో ఒక పేజీకి సరిపోయింది. ఈ వారం సగం అడ్వాన్సు పంపాం.