పొగ తనంతట తానే పోవునా?

కొత్తవలస నుండి అరకుకు రైలులో సొరంగములు దాటి వచ్చిన విద్యార్థి అడుగును: "భూగర్భ రైలు స్టేషనులో నిప్పంటుకొన్నచో పొగ ఎటు పోవును?" మన పాఠము ఒకటే జవాబు చెప్పును: "వేడిగాలి తేలిక, కనుక పైకి పోవును." ఇది అసత్యము కాదు, అసంపూర్ణము. లెక్క వేసి చూతము.

27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగును. 327 డిగ్రీల వద్ద అందులో సగమే. పొగ బరువు గాలి బరువే అనుకొన్నచో, 10 మీటర్ల ఎత్తు పొగగొట్టములో చదరపు మీటరుకు తేడా దాదాపు 6 కిలోలు. పొగను పైకి నెట్టునది ఇదే. పొగ చల్లారి 57 డిగ్రీలకు దిగినచో మిగులునది 1 కిలో మాత్రమే. సెకనుకు 5 మీటర్ల వేగముతో గొట్టపు నోటికి ఎదురుగా వీచు సముద్రపు గాలి ఒత్తిడి సుమారు 1.5 కిలోలు! అప్పుడు పొగ వెనుకకు మళ్లును.

పాఠము విడిచిన మాట మరొకటి కలదు. పొగ పైకి పోవలెనన్న చల్లగాలి క్రిందనుండి రావలెను. లాంతరు చిమ్నీని క్రింద సందు లేకుండ కొవ్వొత్తిపై బోర్లించి చూపుడు, మంట క్రుంగిపోవును. భూగర్భమున మెట్లే గాలికి దారి, మనుషులకూ దారి. పొగ కూడ అటే పట్టినచో ప్రమాదము. 2003లో దక్షిణ కొరియాలోని డేగు భూగర్భ రైలు అగ్నిప్రమాదములో 192 మంది మరణించిరి.

సహజ వాయుప్రసారము నిష్ప్రయోజనము కాదు; విద్యుత్తు ఆగినను అది పనిచేయును. కాని దానినే నమ్ముకొనరాదు. "పైకి పోవును" అనుటతో ఆగక "ఎంత బలముతో, ఏ దారిని?" అని కూడ పాఠము అడుగవలెను.