తెల్లజెండా ఎత్తే గడియ

యుద్ధ కథలో చావును చూపించడం తేలిక. సంగీతం ఆదుకుంటుంది, మన కళ్లు వాటంతటవే తడుస్తాయి. చేతిలో ప్రాణం ఉండగానే తుపాకి కింద పెట్టిన సైనికుణ్ణి చూపించడమే కష్టం. ఆ కష్టానికి సిద్ధపడినవి రెండు చిత్రాలు. ఒకటి స్టువార్ట్ అర్బన్ రాసి, బీబీసీ కోసం 1992లో తీసిన టీవీ చిత్రం ‘యాన్ అన్‌జెంటిల్‌మన్లీ యాక్ట్’. రెండోది 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన రిచీ స్మిత్ చిత్రం ‘ది సీజ్ ఆఫ్ జాడోట్‌విల్’.

మొదటిది 1982 ఏప్రిల్ 2 నాటి కథ. అర్జెంటీనా సేనలు ఫాక్లాండ్ దీవుల్లో దిగి, రాజధాని స్టాన్లీలోని గవర్నర్ బంగళాను చుట్టుముట్టాయి. లోపల ఉన్నది గుప్పెడు మంది రాయల్ మెరైన్లు. అర్బన్‌కు కాల్పుల కంటే ఆ బంగళాలో జరిగిన మాటల మీదే ధ్యాస ఎక్కువ. గవర్నర్ రెక్స్ హంట్ బల్ల చాటున నక్కి ఫోన్‌లో మాట్లాడుతుంటే ఊరి రేడియో దాన్ని ఇళ్లకు చేరవేస్తుంటుంది. మేజర్ మైక్ నార్మన్ ఉన్నదున్నట్టు చెబుతాడు: కొంతసేపు నిలబడగలం, పెద్ద ఆయుధాలు వచ్చాక నిలవలేం. ఆపైన నిర్ణయం గవర్నర్‌దే. హంట్‌గా ఇయాన్ రిచర్డ్‌సన్, నార్మన్‌గా బాబ్ పెక్ ఆ ఘట్టాన్ని గొంతు పెంచకుండా నటించారు. పోరాడాలని ఉన్న సైనికుడు ఒకడు, పోరాడితే ఎవరెవరు పోతారో లెక్క వేసుకుంటున్న అధికారి ఒకడు. ఇద్దరిదీ న్యాయమే. లొంగిపోయాక అర్జెంటీనా సేనాధికారి చాచిన చెయ్యిని హంట్ అందుకోడు. ఈకల టోపీతో, పూర్తి అధికార దుస్తుల్లో, తన కారుగా వాడే లండన్ టాక్సీలో ఊరు విడుస్తాడు. ఇంకొకరి చేతిలో నవ్వులాటయ్యే దృశ్యమిది. రిచర్డ్‌సన్ ముఖం దాన్ని కాపాడింది.

జాడోట్‌విల్ కథ కాంగోలోని కటంగాలో, 1961 సెప్టెంబరులో జరిగింది. ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లిన 150 మందికి పైగా ఐర్లాండ్ సైనికులను కటంగా సేనలు, కిరాయి సైనికులు ముట్టడించారు. సాయానికి బయలుదేరిన బలగాలు లుఫిరా వంతెన దాటలేకపోయాయి. సుమారు ఐదు రోజులు పోరాడి, నీళ్లూ తూటాలూ నిండుకున్నాక కమాండెంట్ పాట్ క్విన్లన్ లొంగిపోయాడు. తనవాళ్లలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఇక్కడ హంట్ లాంటివాడు పక్కన లేడు. ఐక్యరాజ్యసమితి తరఫున రాజకీయం నడిపిన కానర్ క్రూజ్ ఓబ్రయన్ దూరాన ఎలిజబెత్‌విల్‌లో ఉన్నాడు. బరువంతా ఒక్క క్విన్లన్ మీదే పడింది. నాటకానికి ఇంతకంటే గట్టి సరుకు దొరకదు.

స్మిత్ మాత్రం ఆ సరుకును పేలుళ్ల మధ్య పారేసుకున్నాడు. అలలు అలలుగా శత్రువులు రావడం, కూలడం, మళ్లీ రావడం. దాడుల చిత్రీకరణలో నైపుణ్యం ఉంది, కాదనను. కానీ చూస్తున్నకొద్దీ ఒకటే అనిపిస్తుంది: వీళ్లు పిరికివాళ్లు కాదని సినిమా సాక్ష్యాలు పోగుచేస్తోంది. ఇంతమందిని చంపారు కాబట్టి లొంగిపోవచ్చు అన్న తర్కం నాకు మింగుడుపడదు. క్విన్లన్‌ది సరైన నిర్ణయం కావడానికి శవాల లెక్క అక్కర్లేదు, నీళ్లు అయిపోవడం చాలు. జేమీ డోర్నన్ ఆ పాత్రను నిబ్బరంగా పోషించాడు, కానీ ఆ నిర్ణయం అతనిలో ఉడికే సమయాన్ని సినిమా అతనికి ఇవ్వలేదు.

అయితే అర్బన్‌కు ఉన్న సౌకర్యం స్మిత్‌కు లేదన్నది ఒప్పుకోవాలి. స్టాన్లీ 74 రోజుల్లో మళ్లీ బ్రిటన్ చేతికొచ్చింది. నార్మన్ తన మెరైన్లతో తిరిగివచ్చి అదే బంగళా దగ్గర జెండా ఎగరేశాడు. గెలిచిన దేశానికి తొలినాటి ఓటమిని తీరిగ్గా చూడగలిగే ధైర్యం ఉంటుంది. ఐర్లాండ్ సైనికులకు అలాంటి రెండో అంకం రాలేదు. నెలకు పైగా బందీలుగా ఉండి ఇంటికెళ్తే, జాడోట్‌విల్ పేరే వాళ్లకు తిట్టయింది. అదే ఏడాది డిసెంబరులో అదే కటంగాలో, అదే ఐక్యరాజ్యసమితి సేనలో పోరాడుతూ నేలకొరిగిన మన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర దక్కింది. ఆ గౌరవానికి ఆయన నూరుపాళ్లూ అర్హుడు. తనవాళ్లందరినీ బతికించిన క్విన్లన్ 1997లో కన్నుమూసేదాకా ఆయన సొంత దేశం నోరు విప్పలేదు. సమీక్ష 2004లో గాని మొదలవలేదు. దళానికి అధికారిక ప్రశంస 2016లో, పతకాలు 2017లో వచ్చాయి.

నా దృష్టిలో అసలు కథ ఈ దశాబ్దాలదే: బారకుల్లో వినపడిన ఎత్తిపొడుపులు, భార్యాపిల్లలకు కూడా చెప్పుకోలేని మాటలు, పదవీ విరమణ చేసినా వదలని నింద. స్మిత్ వాటిని చివరి కొద్ది నిమిషాలకు కుదించి, తెరమీద అక్షరాలకు అప్పగించాడు. ముట్టడికి ఇచ్చిన నిడివిలో సగం క్విన్లన్ ఇంటికి ఇచ్చి ఉంటే, ఈ రెండింట్లో నేను ముందుగా చూడమనే చిత్రం జాడోట్‌విల్ అయ్యేది. ఇప్పటికైతే అర్బన్‌దే చూడమంటాను.