కోరక కలిగెడి ఆరోగ్యము

ధ్యానమును ఔషధముగా నుతించు ప్రకటనలను చూచినప్పుడెల్ల సత్యనారాయణ గోయెంకా గారి పూర్వకథ నాకు జ్ఞప్తికి వచ్చును. 1924లో మాండలేలో జన్మించి, పిన్న వయసుననే వర్తకమున పేరొందిన ఆ యువకుడు, తీవ్రమగు పార్శ్వపు నొప్పి పట్టి పీడింపగా, మార్ఫిన్ సూదిమందు తప్ప ఉపశమన మెరుగక, దేశదేశముల వైద్యుల నాశ్రయించియు ఫలము గానక, తుదకు రంగూనులో సయాజీ ఊ బా ఖిన్ గారిని దర్శించెను. బర్మా ప్రభుత్వమున అకౌంటెంట్ జనరల్ పదవిని నిర్వహించుచునే ధ్యానమును బోధించిన ఆ గృహస్థ గురువు, తలనొప్పి పోగొట్టుకొనుటకే వచ్చినచో చేర్చుకొనజాలనని నిరాకరించిరి. చిత్తశుద్ధియే లక్ష్యమైనచో దేహబాధ దానంతట అదియే తొలగవచ్చు ననిరి. ఆ నియమమునకు లోబడి 1955లో తొలి శిబిరమున కూర్చున్న గోయెంకా గారు, నొప్పినుండి విముక్తులగుటయే గాక, గురువు నేర్పిన ఆ విపశ్యన ధ్యానమును 1969లో భారతదేశమునకు కొనివచ్చిరి.

ఆ నిరాకరణమున దయ యెంత యున్నదో అభ్యాసము వలననే నాకు బోధపడినది. నడుము నొప్పి తగ్గునా యని కనిపెట్టుకొని కూర్చున్న పూట మనస్సు ఆ నొప్పి చుట్టునే పరిభ్రమించును. అట్లుగాక, నాసికాపుటముల కడ శ్వాస రాకపోకలను మాత్రమే గమనించి, ఆనాపానమను ఆ గమనిక కుదిరిన పిమ్మట ఆపాదమస్తకము సంవేదనలను సమతతో పరికించినచో, నొప్పి యున్నను దానిపై కినుక సడలును, బిగిసిన భుజములు వదులగును, ఎవరును పొడిగింపకయే ఊపిరి దీర్ఘమగును. నిశ్వాసము దీర్ఘమైనపుడు వేగస్ నాడి గుండె వేగమును తగ్గించుట శరీరశాస్త్ర సిద్ధమే. అద్భుతమేమియు లేదు, అయినను ఆ మందగమనమును లోనుండి ఎరుగుట నాకెంతయో ఊరట.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 47 ప్రయోగములను పరిశీలించి, ఆందోళన, విషాదము, నొప్పి ధ్యానము వలన కొంతమేరకు తగ్గుననియు, అది ఔషధముల కంటెను వ్యాయామము కంటెను మేలనుటకు ఆధారము లేదనియు తేల్చిరి. ఈ మితవాక్యమునకు నిరుత్సాహపడువారు కలరు. నాకు మాత్రము అది ఊ బా ఖిన్ గారి మాటకు చేరువగా తోచుచున్నది. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సైతము హృద్రోగముల విషయమున ధ్యానమును చికిత్సకు తోడుగానే అంగీకరించినది. రక్తపోటు మాత్రలు మానివేసి కన్నులు మూసికొను మిత్రులను చూచినపుడు నాకు నిజముగా భయము కలుగును.

ఆ భయమునకు మరియొక తావు కలదు. విపశ్యన శిబిరములలోని పది దినముల మౌనము అందరికిని పథ్యము కాదు. తీవ్ర మనోవ్యాధి గలవారికి అది అలజడిని పెంచవచ్చును. హైదరాబాదు చెంత నాగార్జునసాగర్ రహదారిపైనున్న ధమ్మఖేత్త వంటి కేంద్రములలో, మనోవ్యాధి పూర్వము కలిగినదా, ఏ మందులు వాడుచున్నారు అని దరఖాస్తులోనే అడుగుదురు. ఆ ప్రశ్నలకు దాచక బదులు వ్రాయుడని చేరబోవు ప్రతివారిని వేడుకొనుచున్నాను.