పాత కారు వైరింగ్: తర్వాతి మెకానిక్‌కు అర్థమయ్యే మరమ్మతు

పాత అంబాసిడర్‌కు ఎడమవైపు ఇండికేటర్ పనిచేయకపోతే చాలా షాపుల్లో జరిగేది ఒకటే. ముందు ఫ్లాషర్ మార్చి చూస్తారు. ఫలితం లేకపోతే స్టీరింగ్ దగ్గర్నుంచి డిక్కీ దాకా చేతికందిన రంగు తీగ ఒకటి కొత్తగా లాగి, పాతదాన్ని మధ్యలో కత్తిరించి, టేపు చుట్టి వదిలేస్తారు. దీపం వెలుగుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అప్పటి నుంచి ఆ కారు వైరింగ్ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు, కొన్నాళ్లకు అతనికీ గుర్తుండదు. పాత కార్ల లైటింగ్ పనిలో దీపం వెలిగించడం సగం నైపుణ్యమే. రేపు బానెట్ ఎత్తబోయే, ముక్కూమొహం తెలియని మెకానిక్‌కు కూడా ఆ పని అర్థమయ్యేలా చేసి పెట్టడం మిగతా సగం. ఈ రెండో సగమే ఇప్పుడు కనుమరుగవుతోంది. దాన్ని నిలబెట్టుకోవడానికి సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి కంటే తగిన చోటు నాకు కనిపించదు.

సైనిక్‌పురి రిటైరైన సైనికోద్యోగుల కోసం వెలసిన కాలనీ. దగ్గర్లోనే తిరుమలగిరిలో మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ ఉంది. 1943లో ఏర్పడిన ఈఎంఈ దళం పని సైన్యం వాహనాలనూ ఆయుధాలనూ పరికరాలనూ నడిచే స్థితిలో ఉంచడం. మరోపక్క ఏఎస్ రావు నగర్, దాన్ని దాటితే 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. అంటే మీటరు పట్టడం, సర్క్యూట్ బొమ్మ చదవడం తెలిసిన తరాలు ఈ చుట్టుపక్కల కాపురాలు చేశాయి. సైన్యంలో వాహనం ఒక చోట మరమ్మతై ఇంకో చోట చెడిపోతుంది. మొదట బాగుచేసిన మనిషి ఈలోగా బదిలీ మీద వెళ్లిపోయి ఉంటాడు. అందుకే అక్కడ తీగ రంగు మార్చకూడదన్న నియమమూ, చేసిన పనిని కాగితం మీద రాసిపెట్టడమూ పైఅధికారి కోసం చేసే లాంఛనాలు కావు. అవి లేకపోతే తర్వాతివాడు చీకట్లో వెతుక్కోవాలి. యాభై ఏళ్లు దాటిన కారు పరిస్థితి కూడా అచ్చంగా ఇదే. యజమానులు మారుతారు, మెకానిక్‌లు మారుతారు, బండి మాత్రం అదే.

ఇక ఆ తీగల సంగతి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టింది, 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. దాంతోపాటు బ్రిటన్‌లో లూకాస్ కంపెనీ స్థిరపరచిన రంగుల పద్ధతి కూడా మన దేశానికి వచ్చింది. గోధుమరంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, అది నేరుగా బ్యాటరీ వైపుది. తెల్ల తీగలో తాళం తిప్పాకే వస్తుంది. ఆ తెల్లది ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, మీటర్లు ఈ ఆకుపచ్చ కుటుంబంలోవే. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడిది. ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లది. నీలం హెడ్‌లైట్ స్విచ్ నుంచి డిప్పర్‌కు వెళుతుంది. అక్కణ్నుంచి తెల్ల గీతతో హైబీమ్‌కు, ఎర్ర గీతతో డిమ్‌కు చీలుతుంది. నలుపు ఎర్త్. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి. అసలు రంగు ఆ తీగ ఏ వంశానిదో చెబుతుంది, గీత ఏ ఇంటికి పోతుందో చెబుతుంది. ఇది వచ్చిన మెకానిక్ డ్యాష్‌బోర్డ్ కింద తలపెట్టి, బొమ్మ చూడకుండానే ఒక్కో తీగ ఎక్కడిదో చెప్పగలడు. ఆకుపచ్చ-ఎరుపు తీగ ఉండాల్సిన చోట పసుపు ముక్క అతికిస్తే రంగులు చెప్పే ఆ వాక్యం అక్కడితో తెగిపోతుంది. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిది వేరే రంగుల లెక్క. కాబట్టి ఒక బండిలో నేర్చింది ఇంకో బండిలో కళ్లు మూసుకుని వాడకూడదు.

లోపం పట్టుకునే తీరులో ఈ విద్య పస కనిపిస్తుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక దీపం మసకగా కొట్టుకుంటోంది, దాంతోపాటు టెయిల్ లైట్ కూడా మినుకుమంటోంది అనుకుందాం. తొందరపడేవాడు స్విచ్ మార్చేస్తాడు. తెలిసినవాడు ఏదీ విప్పకముందే కాసేపు చూస్తాడు. కలిసి వెలగకూడని రెండు దీపాలు కలిసి వెలిగాయంటే కరెంటుకు ఇంటికి పోయే దారి మూసుకుపోయి, పక్క దీపం గుండా దొంగదారి వెతుక్కుంటోందని అర్థం. అంటే ఎర్త్ సరిగ్గా రావడం లేదు. అప్పుడు టెయిల్ లైట్ అద్దం తీసి, హోల్డర్ వెనక బాడీకి బిగించిన స్క్రూ చూస్తాడు. రెండు మూడు వానాకాలాలకు అక్కడ తుప్పు పట్టడం మామూలే, పైన రంగు కొట్టినప్పుడు పెయింటు పొర కూడా చేరి ఉంటుంది. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర తీసుకునేది దాదాపు 1.75 ఆంపియర్లు. ఆ జాయింటులో అర ఓం నిరోధం చేరితే చాలు, సుమారు 0.8 వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంట్ బల్బులో వోల్టేజీ కొద్దిగా తగ్గితే వెలుగు అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతుంది. పది శాతం వోల్టేజీ పోతే వెలుగులో దాదాపు ముప్పై శాతం పోతుంది. కాబట్టి ఆ అర ఓం వెలుగులో ఐదో వంతును తినేస్తుంది. మందు ఏమిటంటే, ఎమెరీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కొంచెం గ్రీజు రాయడం. ఖర్చు లేనట్టే. కొత్త తీగ లాగే అవసరమే లేదు.

ఇక్కడ మీటరు పట్టడంలో కూడా ఒక మెలకువ ఉంది. తీగ తెగిందో లేదో చూడటానికి మల్టీమీటర్‌లో కంటిన్యూటీ పెట్టి, బీప్ వినగానే తీగ బాగుందని చాలామంది తేల్చేస్తారు. లూకాస్ తీగల్లో సామాన్యమైన సైజులో 0.30 మిల్లీమీటర్ల పోగులు 14 ఉంటాయి. పదమూడు తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు బీప్ అంటుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి స్వల్పం. పెద్ద దీపం వెలగాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క పోగు ఆ భారాన్ని సరిగ్గా మోయలేదు. అందుకే దీపం వేసి ఉంచి, కరెంటు ప్రవహిస్తుండగా జాయింటుకు ఈ పక్క ఆ పక్క వోల్టేజీ తేడా కొలవాలి. పాతకాలపు ఉస్తాద్‌లు వాడే టెస్ట్ ల్యాంప్ ఖరీదైన మీటరు కంటే ఒక్కోసారి నిజం చెప్పేది ఇందుకే. అది తనూ కరెంటు లాగుతుంది కాబట్టి బలహీనమైన జాయింటు దాని ముందు దాగలేదు. ఫ్లాషర్ పరీక్ష ఇంకా సులువు. పాత లూకాస్ రకానికి బి, ఎల్, పి అని మూడు కాళ్లుంటాయి. బి బ్యాటరీ వైపుది, ఎల్ దీపాల వైపుది, పి డ్యాష్‌బోర్డ్ మీది చిన్న పైలట్ దీపానిది. ఇండికేటర్ స్విచ్ ఒక పక్కకు వేసి, బి తీగనూ ఎల్ తీగనూ కలిపి పట్టుకుంటే దీపాలు కొట్టుకోకుండా నిలకడగా వెలగాలి. వెలిగితే జబ్బు ఫ్లాషర్‌ది. వెలగకపోతే ఫ్లాషర్ మీద డబ్బు పెట్టడం దండగ, స్విచ్ వైపో తీగ వైపో వెతకాలి.

ఆ ఫ్లాషర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. దాని డబ్బాలో సన్నని తీగ ఒకటి బిగువుగా ఉంటుంది. కరెంటు పారితే వేడెక్కి సాగుతుంది, సాగగానే కాంటాక్టులు కదులుతాయి, చల్లబడితే మళ్లీ మొదటికొస్తుంది. ముందొకటి వెనకొకటి, 21 వాట్లవి రెండు బల్బులు లాగే మూడున్నర ఆంపియర్లకు సరిగ్గా సరిపోయేలా దాన్ని కట్టారు. ఒక బల్బు పోతే లెక్క తప్పుతుంది. కొట్టుకునే వేగం మారుతుంది, పైలట్ దీపం సరిగా వెలగదు. డ్రైవరు దిగి చూడకుండానే బల్బు పోయిన సంగతి బండే చెప్పేస్తుంది. ట్రాన్సిస్టర్ ఒక్కటి కూడా లేకుండా సాధించిన పని ఇది. అంతకుముందు మోరిస్ మైనర్ లాంటి కార్లలో తలుపుల మధ్య స్తంభం నుంచి చెయ్యి చాపినట్టు బయటికి లేచే ట్రాఫికేటర్లు ఉండేవి, వాటిని లోపల ఒక విద్యుదయస్కాంతం లేపేది. ఆ తర్వాతి దశలో కొన్ని బ్రిటిష్ కార్లు వెనక ఒకే ఫిలమెంట్‌తో బ్రేకు, ఇండికేటర్ రెండు పనులూ చేయించి, మధ్యలో ఒక రిలేతో ఆ తగవు తీర్చాయి. అలాంటి రిలే ఉందని తెలియక మధ్యలోంచి కొత్త తీగ లాగితే బ్రేకు తొక్కినప్పుడల్లా ఇండికేటర్ ఆగిపోతుంది.

ఇంత కష్టమెందుకు, ఎల్‌ఈడీ వేసి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెడితే పోదా అని అడిగేవాళ్లున్నారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. ఎల్‌ఈడీ వెలుగు ఎక్కువ, లాగే కరెంటు తక్కువ, తీగల మీద భారం తగ్గుతుంది. అయితే వేడితో నడిచే ఫ్లాషర్‌కు ఆ కొద్దిపాటి కరెంటు చాలదు, దీపం వెలిగి అలాగే నిలిచిపోతుంది. అప్పుడు కరెంటు లాగించడానికి పక్కన రెసిస్టర్ పెడతారు. బల్బులో వెలుగయ్యే శక్తి ఇప్పుడు రెసిస్టర్‌లో ఉత్త వేడిగా పోతుంది, అదీ డిక్కీ లోపల కార్పెట్ పక్కన. పైగా పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. బల్బుకూ, వేడి తీగ ఫ్లాషర్‌కూ ధ్రువం తిరగబడినా ఫర్వాలేదు, నెగటివ్ ఎర్త్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ పరికరం మాత్రం తట్టుకోదు. అన్నిటికంటే ముఖ్యం, మసకబారడానికి అసలు కారణమైన ఎర్త్ తుప్పు అలాగే ఉండిపోతుంది. ఎర్త్ బాగుచేశాక, హోల్డర్ లోపలి రిఫ్లెక్టర్ తుడిచాక కూడా వెలుగు చాలలేదంటే ఎల్‌ఈడీ గురించి ఆలోచించవచ్చు. ఆ రెండూ చేయకముందే కొనడం రోగం తెలుసుకోకుండా మందు మింగడమే.

భద్రత పేరుతో వచ్చే ఆక్షేపణ ఇంకా బలమైనది. పాత వైరింగులో నిప్పు భయం ఉందన్నది నిజం. ఆనాటి అనేక బ్రిటిష్ కార్లలో ఫ్యూజులు రెండే. హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండేది కాదు. దారి మధ్యలో షార్ట్ అయి హెడ్‌లైట్లు ఆరిపోవడం కంటే తీగ వేడెక్కడమే మేలని తయారీదారులు అనుకున్నారు. గుడ్డ అల్లిక కింద రబ్బరు పొర ఉన్న తీగలైతే మన ఎండలకు పెళుసెక్కి, వంచితే పొట్టు రాలుతాయి. ఎలుకల సంగతి సరేసరి. దీనికి తోడు అనేకమంది 100/90 వాట్ల హాలోజెన్ బల్బులు వేయిస్తారు. రెండు హైబీములూ కలిపి 16 ఆంపియర్లు దాటుతాయి. నలభై ఐదు వాట్ల బల్బుల కోసం చేసిన పాత స్విచ్ ఆ భారానికి కరిగిపోతుంది. కాబట్టి ఉన్నదాన్ని ముట్టుకోకూడదని నేను అనడం లేదు. పొట్టు రాలే తీగలను మార్చాల్సిందే, అవసరమైతే మొత్తం వైరింగ్ సెట్టే మార్చాలి. మార్చేటప్పుడు అదే రంగు, అదే గీత, అదే దారి, అంతకు తక్కువ కాని మందం ఉండాలి. హెడ్‌లైట్లకు ఫ్యూజు, రిలే పెట్టడం వివేకమే. అవి కంటికి కనపడని చోట, పాత తీగను కోయకుండా, రేపు తీసేస్తే కారు యథాస్థితికి వచ్చేలా ఉండాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2010వ దశకం తొలినాళ్లలో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ దిశ కూడా ఇదే. అసలు పదార్థాన్ని వీలైనంత ఉంచమనీ, తప్పనిసరి మార్పులను రూపం చెడకుండా చేసి నమోదు చేయమనీ అది కోరుతుంది. జాయింట్ల విషయంలోనూ అంతే. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక వేసవికి జిగురు కారి ఊడుతుంది. ఇత్తడి బుల్లెట్ కనెక్టర్ సోల్డర్ చేసి స్లీవులో దూర్చితే ఎప్పుడైనా లాగి చూసి మళ్లీ పెట్టుకోవచ్చు.

చివరగా, ఇది డబ్బున్నవాళ్ల సరదా కదా, దీనివల్ల సమాజానికేం ఒరిగింది అనే ప్రశ్న. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి ఇరవై వేల రూపాయల రుసుముతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబర్ ప్లేట్ మీద వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకు దాన్ని వాడకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే రోడ్డెక్కాలి. అయితే రోడ్డెక్కిన ఆ కాసేపు దాని వెనక వచ్చేది సిటీ బస్సు, ఆటో, స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లి. ఇండికేటర్ యజమాని కోసం కాదు, వాళ్ల కోసం. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకునే కాషాయ పసుపు దీపం కావాలన్నది కూడా వెనకవాడు ఒక్క చూపులో గ్రహించాలనే. ఈ విద్య పాత కార్లతోనే ఆగిపోదన్నది ఇంకో సంగతి. కంప్యూటర్లు నిండిన నేటి కారులోనూ, బ్యాటరీ స్కూటర్‌లోనూ ఎర్త్ తుప్పు ఎర్త్ తుప్పే. స్కానర్ ఎర్రర్ కోడ్ చూపిస్తుంది, ఏ జాయింటులో వోల్టేజీ పోతోందో వెతికే పని మనిషిదే. ఆ వెతుకులాట నేర్పడానికి, అన్ని తీగలూ కంటికి కనిపించే పాత అంబాసిడర్‌ను మించిన పాఠ్యపుస్తకం లేదు.

ఐటీఐల్లో మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అనే ట్రేడ్ ఉంది. ఆ కుర్రాళ్లను తీసుకొచ్చి, రిటైరైన ఈఎంఈ పెద్దల పక్కన, ఒక పాత బండి ముందు నిలబెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. తీగలు, హోల్డర్లు, ఫ్లాషర్ల కోసం రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారు ఉండనే ఉంది. మొదటి పాఠంగా కొత్త తీగ ముట్టుకోకుండా ఒక ఎర్త్ దోషం పట్టుకోమనాలి. పట్టుకున్నాక ఏ దీపానికి, ఏ రంగు తీగలో, ఏ జాయింటు దగ్గర, ఎన్ని వోల్టులు పోయాయో, ఏం చేశారో తేదీ వేసి ఒక కాగితం మీద రాయించాలి. ఆ కాగితం ఒక ప్రతి యజమాని దగ్గర, ఒక ప్రతి బండి డ్యాష్‌బోర్డ్ అరలో ఉండాలి.