ఏ కాలానికి ఏ మజిలీ

ట్రావెల్ సైట్లలో ప్రతి ఊరి పేరు కిందా ఒక చిన్న పెట్టె ఉంటుంది. ‘వెళ్లడానికి అనువైన కాలం: అక్టోబరు నుంచి మార్చి’. జైపూర్‌కీ అదే, హంపీకీ అదే, మా అరకుకీ అదే. ఎవరో ఒకసారి రాసిన లైన్‌ని దేశమంతా కాపీ పేస్ట్ చేసినట్టు ఉంటుంది. యాత్రా రచనలో ఇవాళ ఎక్కువమంది చదివేది ఆ ఒక్క వాక్యమే. పుస్తకాలనైతే సమీక్షిస్తాం, దీన్ని మాత్రం ఎందుకు వదిలేస్తాం?

మా వైపు నుంచి చూద్దాం. మాది నెల్లిమర్ల. విజయనగరం పక్కనే, చంపావతి ఒడ్డున. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళం దాకా కొట్టింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆరేళ్లలో మూడు తుపాన్లు, మూడూ దాదాపు ఒకే తేదీకి. ఇందులో వింతేమీ లేదు. నైరుతి వెనక్కి మళ్లే రోజుల్లో బంగాళాఖాతం ఇంకా వేడిగానే ఉంటుంది, తుపానుని చెదరగొట్టే పైగాలులు నెమ్మదిస్తాయి. పెట్టె ప్రకారం ఇది ‘ఆహ్లాదకరమైన వాతావరణం’ మొదలయ్యే నెల. మా నాన్న ఫోన్లో చెప్పేది ఇంకోలా ఉంటుంది: “గాలివాన టైమురా అది, రైలు ఎక్కడాగిపోద్దో ఏటో, టికెట్ తీసీకు.”

మళ్లీ రెండు రోజులాగి ఆయనే ఫోన్ చేస్తాడు, సిరిమానుకి రాకపోతే ఎలాగని. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, అంటే చాలాసార్లు అక్టోబరులోనే. వద్దనేదీ రమ్మనేదీ ఒకే నెలకి. ఈ రెండు మాటలూ పట్టే పెట్టె ఏ సైటులోనూ లేదు. ఇంకోటి, ఆ రోజుల్లోనే మా చుట్టుపక్కల ఊళ్లలో గోగు కోసి చెరువుల్లో ఊరేస్తారు. నార కోసం. నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు గుర్తొచ్చేవాళ్లకి ఆ నార సంగతి తెలిసే ఉంటుంది, దాని కంపు సంగతి తెలియకపోవచ్చు. పర్యాటకుడికి ముక్కు మూసుకునే కాలం, రైతుకి నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం.

కాలాన్ని బట్టి ప్రయాణం వేసుకోవడం గురించి తెలుగులో చదవదగ్గ పుస్తకం ఏదని అడిగితే నేను ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ అంటాను. మనవాళ్లు దాన్ని తొలి తెలుగు యాత్రాచరిత్ర అని మెచ్చుకుని, 19వ శతాబ్దపు సామాజిక పత్రం అని ఇంకోసారి మెచ్చుకుని బీరువాలో పెట్టేస్తారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా రాసిన సంగతులు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపాడు. అవే 1838లో పుస్తకమయ్యాయి, అప్పటికి రచయిత పోయి రెండేళ్లు. 1941లో దిగవల్లి వేంకట శివరావు మళ్లీ అచ్చు వేయించకపోతే మన చేతికి వచ్చేది కాదేమో.

ఆ తేదీల్ని ఒక ఎక్సెల్ షీటులో వేసి చూడండి. మే 18 అంటే ఏ ట్రావెల్ సైటూ ఒప్పుకోని తేదీ. తిరుపతి, కడప దారిలోనే రోహిణి కార్తె నెత్తినెక్కి ఉంటుంది. హైదరాబాదు, నాగపూరు వైపు సాగేది నల్లరేగడి నేలల్లో, అదీ వానల్లో. చలి మొదలయ్యే వేళకి మనిషి గంగ ఒడ్డున ఉంటాడు. వెనక్కి వచ్చేది తూర్పు తీరం వెంట, కళింగం మీదుగా. సెప్టెంబరు మొదట్లో మద్రాసు చేరాడంటే, మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు దాటేది నైరుతి వానల కాలంలోనే అవ్వాలి.

15 నెలల పైచిలుకు సాగే ప్రయాణంలో ఏ ఋతువునీ తప్పించుకోలేం. ఏ ఋతువు ఏ చోట తగలాలో కొంతవరకు ఎంచుకోగలం, అంతే. కాశీని చలికాలానికి ఉంచుకుంటే ఎండని రాయలసీమలో కట్టాలి, వానని దక్కన్‌లో కట్టాలి. ఆ సంగతి ఆయన ఎక్కడా సిద్ధాంతంలా చెప్పడు. మజిలీకి మజిలీకి దూరమెంత, నీళ్లెలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దారి ఎలాంటిది, ఇవే రాసుకుంటూ పోతాడు. విసుగొస్తుంది, నిజమే. నేను మొదటిసారి సగం పేజీలు తిప్పేశాను. కానీ ‘దారి బురద’ అన్న ఎంట్రీకి తేదీ కలిపి చదివితే ఆ విసుగు పోతుంది. దేశం పటంలా పరుచుకుని ఉండదు, నెలనెలా మారుతూ ఎదురొస్తుంది.

పుస్తకం మీద నా ఫిర్యాదూ ఇక్కడే ఉంది. ఆయన సవారీలో వెళ్లాడు, మోసింది బోయీలు. సవారీలో కూర్చున్నవాడి వానాకాలం, దాన్ని భుజాన వేసుకున్నవాడి వానాకాలం ఒకటి కావు. పుస్తకం మొత్తం మొదటివాడి గొంతులోనే వినపడుతుంది. ఆ కాలపు మనిషి కదా అని సర్దుకోవచ్చు గానీ, మనం ఈ కాలపు పాఠకులం కదా, ఎలా సర్దుకుంటాం? విశాఖ నుంచి నడక మొదలెట్టి దేశం తిరిగిన ఆచార్య ఎం. ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’ని దీని పక్కన పెట్టుకుని చదివితే తేడా తెలుస్తుంది. సొంత కాళ్ల మీద వెళ్లేవాడికి ఎండైనా వానైనా వర్ణన కోసం ఉండదు. ఈమధ్య ఫేస్‌బుక్ నుంచి పుస్తకాల్లోకి వస్తున్న యాత్రా కథనాల్లో ఇదే లోపిస్తోంది. ‘చలి వణికించింది’ అని ఒక వాక్యం, పక్కన ఒక ఫోటో. ఆ చలిలో టీ కాచిన మనిషికి అది ఎన్నో నెల చలో ఎవరూ అడగరు.

నెల్లిమర్లకి దగ్గర్లోనే రామతీర్థం. రాముడి గుడి అందరికీ తెలుసు. అక్కడే గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఎక్కడం కొంచెం కష్టం, పైన నీడ తక్కువ. అలాంటి విహారాల్లో ఉన్నవాళ్లకి ప్రయాణాల గురించి ఒక నియమం ఉండేది: వానాకాలంలో మూడు నెలలు భిక్షువు తిరగకూడదు, ఒక్కచోటే ఉండాలి. దానికి వినయ పిటకం చెప్పే కారణం నాకు చాలా ఇష్టం. తడిసిపోతారని కాదు. వానల్లో తిరిగితే లేత పచ్చికనీ చిన్న చిన్న ప్రాణుల్నీ తొక్కేస్తున్నారని జనం ఆక్షేపించారట. అంటే ఆ క్యాలెండరు వేసింది ప్రయాణికుడి సుఖం కోసం కాదు, దారిలో ఉన్నవాటి కోసం. ట్రావెల్ సైటు పెట్టెలో ఈ వైపు నుంచి రాసిన మాట నేనింతవరకు చూడలేదు.

మా ఊళ్లో మనుషులు వాడేది కార్తెల లెక్క. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ‘వేసవి, వాన, చలి’ అనే మూడు గడుల కంటే తొమ్మిది రెట్లు ఎక్కువ రిజల్యూషన్. రోహిణిలో ముంజలు ముదిరిపోతాయి, మృగశిరకి చినుకు కోసం ఆకాశం చూస్తారు, ఆరుద్ర దాటినా పడకపోతే మాటలు తగ్గిపోతాయి. తాటిపండ్లు భాద్రపదం వైపు, తేగలు సంక్రాంతి వైపు. ఇందులో ఏ ఒక్కటీ పర్యాటకుడి కోసం వేసిన లెక్క కాదు, కానీ వాడుకుంటే ఇంతకన్నా మంచి గైడు లేదు.

ఈ లెక్కతోనే ప్రయాణం వేసుకునేవాళ్లు మా స్టేషన్లో ఏటా కనిపిస్తారు. సంక్రాంతి వెళ్లగానే సంచులు కట్టుకుని హైదరాబాదు, చెన్నై, భువనేశ్వర్ వైపు భవనాల పనికి రైలెక్కుతారు, తొలకరికి దిగుతారు. కాలాన్ని బట్టి దేశం తిరగడమంటే ఇదీ. ఎక్కడ ఎండ ఎప్పుడు ముదురుతుందో, ఏ నగరంలో వానలకి స్లాబు పని ఆగిపోతుందో వాళ్లకి నోటికొచ్చు. నేను చదివిన తెలుగు యాత్రా సాహిత్యంలో వాళ్ల మజిలీలు లేవు.

ప్రచురణకర్తలకి ఒక విన్నపం. ‘కాశీయాత్ర చరిత్ర’ని ఈసారి వేసేటప్పుడు ఒక మ్యాపు కలపండి. ఊళ్ల పేర్లు మాత్రమే ఉన్నది వద్దు. ప్రతి మజిలీ పక్కన తేదీ, కార్తె, అక్కడ ఆ పక్షంలో మామూలుగా పడే వాన ఎంతో వేయండి. వాతావరణ శాఖ దగ్గర దశాబ్దాల సగటు లెక్కలున్నాయి, కూర్చుంటే నాలుగు వారాంతాల పని. షీటు నేను మొదలెట్టాను, కడప దాకా వచ్చింది.