పూతరేకు, పాఠకుని ఊరు: గోదావరి కథాభాషపై ఒక పరిశీలన

‘పూయు’ ధాతువుకు పుష్పించడం, అలమడం అని రెండర్థాలున్నాయి. ‘రేకు’ పూవుకూ ఉంటుంది, లోహానికీ ఉంటుంది. కాబట్టి కోనసీమ ఎరుగని పాఠకుడు కథలో ‘పూతరేకు’ అన్న మాటను మొదటిసారి చూసి పూవు వైపు పోతే అది అతని తప్పు కాదు. ఆత్రేయపురంలో పెరిగినవానికి ఈ సందిగ్ధతే లేదు. బోర్లించిన కుండ, లోపల మంట, పలుచగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, దానిని కుండమీద పరచి తీయగానే మిగిలే పొర: ఇది కళ్లారా చూసినవానికి పూత అంటే చేతిపని. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయి పేరును అతడు విడదీసి చూడడు. పరిచయం అర్థాన్ని ఇస్తుంది. మాటను పరీక్షించే అవసరాన్ని తీసివేస్తుంది.

కథాభాష విషయంలోనూ ఇదే జరుగుతున్నది. ఆధునిక ప్రమాణభాషకు కృష్ణా, గోదావరి జిల్లాల విద్యావంతుల వ్యవహారం ప్రధానాధారమయింది. అందువల్ల డెల్టా పాఠకుడు నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చదివి చిత్తూరు యాస అంటాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథ చదివి చక్కని తెలుగు అంటాడు. మొదటిచోట ప్రాంతం కనబడుతుంది, రెండవచోట మాయమవుతుంది. మన విమర్శ కూడా చాలాకాలం ఈ చెవితోనే విన్నది.

1891లో పొలమూరులో జన్మించిన శ్రీపాద సంభాషణా శిల్పంలో అసామాన్యుడు. అయితే ఆ సంభాషణ అధికభాగం గోదావరి బ్రాహ్మణ గృహాలది, విశేషించి అక్కడి స్త్రీలది. దానిని ‘తెలుగు నుడికారం’ అని మాత్రమే మెచ్చుకుంటే ఆయన శ్రద్ధగా పట్టుకున్న స్థానికతనే కాదన్నట్లవుతుంది. వంశీ ‘మా పసలపూడి కథలు’ పరిధి వేరు. అనేక కులాలవారు, వృత్తులవారు అందులో ఉన్నారు. ఊళ్ల పేర్లు, వంటల పేర్లు ధారాళంగా వస్తాయి. ఆ ప్రాంతం వానికి పేరొక్కటే చాలు, దృశ్యం వచ్చేస్తుంది. ఇతరులకు కొన్నిచోట్ల పేరే మిగులుతుంది. ఇది ఆ కథల బలమూ, పరిమితీ కూడా.

మరొక విచిత్రం. ప్రమాణభాషకు పునాదిగా చెప్పుకొనే జిల్లాల పలుకే సినిమాలో ‘ఆయ్’, ‘అండీ’లుగా కుదించుకుపోయి హాస్యపాత్రకు గుర్తయింది. ‘వచ్చాడు’ ప్రమాణమయింది, గోదావరి ‘వచ్చేడు’ యాసగా మిగిలింది. అంటే ప్రమాణభాష ఈ నేలనుంచి తీసుకున్నది కొంతే. చదువుకున్న కొన్ని ఇళ్ల పలుకు గడప దాటి ప్రమాణమయింది, తక్కినది ఊరిలోనే ఉండిపోయింది.

ఆ తక్కినదానిని వెదకడానికి మార్గం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాలవారీగా చూపింది. ఆత్రేయపురంలో రేకు తీసేది ఎక్కువగా స్త్రీలే. కుండ వేడిని, పిండి పలుచనను, రేకు చిరుగును వారు ఏ మాటలతో చెప్పుకొంటారో అదే పద్ధతిలో సేకరించి, గోదావరి కథల పక్కన పెట్టి చూడాలి. అప్పుడు మనం గోదావరి భాష అంటున్నది ఎవరి భాషో తేలుతుంది.